ఊయలకు మడత స్టాండు: సందేహాలు - సమాధానాలు

ఎండలు మొదలవగానే వల ఊయలలు, గుడ్డ ఊయలలు బయటికి వస్తాయి. చెట్లున్న పెరడు అందరికీ లేదు కాబట్టి స్టాండు గురించి చాలామంది రాశారు. అందులో కొన్ని ఉత్తరాలకు ఈసారి సమాధానాలు.

ప్రశ్న: అద్దె ఫ్లాటులో ఉంటున్నాం. గోడకు మేకు కొట్టినా ఓనరు ఊరుకోరు. బాల్కనీ పిట్టగోడ స్తంభానికి ఒకవైపు, కిటికీ గ్రిల్లుకు ఒకవైపు కట్టుకోమని పక్కింటివారు చెబుతున్నారు. నా బరువు 80 కిలోలే కదా, ఆగదా? లేదంటే మడిచి కారు డిక్కీలో పెట్టుకునేలా స్టాండు ఏదైనా చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: ముందుగా ఒక మాట. దయచేసి పిట్టగోడకు కట్టకండి. నాలుగంగుళాల ఇటుక గోడ పైనుంచి పడే బరువును మోస్తుంది గానీ పక్కకు లాగితే నిలవదు. గోడ ఊడితే ఊయలలో పడుకున్న మనిషి మీదికే వస్తుంది. గ్రిల్లు మరలు కూడా పక్క లాగుడు కోసం బిగించినవి కావు.

"80 కిలోలే కదా" అన్నారు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఊయల స్టాండును పడగొట్టేది మీ బరువు కాదు, రెండు కొనలనూ లోపలికి లాగే అడ్డపు లాగుడు. అది తాడు వాలును బట్టి మారుతుంది. తాడు నేలకు 45 డిగ్రీల వాలులో ఉంటే 80 కిలోల మనిషికి ఒక్కో కొన మీద అడ్డపు లాగుడు 40 కిలోలు. 30 డిగ్రీలైతే 69 కిలోలు. ఊయల బిగుతుగా, సమంగా ఉండాలని 15 డిగ్రీలకు లాగి కట్టారంటే ఏకంగా 149 కిలోలు. మనిషి అదే, ఊయల అదే, బిగించడంలో తేడా అంతే. అందుకే 30 డిగ్రీలు మంచి కొలత. దాన్ని చూసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తాడు వెంట అడ్డంగా 21 అంగుళాలు జరిగితే కిందికి 12 అంగుళాలు దిగాలి. నడుము సమంగా ఉండాలంటే ఊయలను బిగించకండి. వదులుగానే కట్టి, అందులో కాస్త ఐమూలగా పడుకోండి. వీపు దానంతటదే చదునుగా వస్తుంది.

ఇక స్టాండు. మీ అవసరానికి రెండు వైపులా ముక్కాలి, పైన వాటిని కలుపుతూ ఒక దూలం ఉన్న నమూనా సరిపోతుంది. ఇందులో అసలు కిటుకు ఊయలను ఎక్కడ తగిలిస్తామన్నది. ముక్కాలికి తగిలిస్తే అది లోపలికి ఒరిగిపోతుంది. దూలం కొనకే తగిలించాలి. అప్పుడు ఇటు 69 కిలోలు, అటు 69 కిలోలు దూలాన్ని రెండు కొనల నుంచి నొక్కి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముక్కాలి మీద పడేది మీ బరువులో సగం, అంటే 40 కిలోలు, అదీ నేరుగా కిందికి. దాన్ని మూడు కాళ్ళు పంచుకుంటాయి. అందుకే సన్నని పైపులతో కూడా ఈ నమూనా నిలుస్తుంది, మడతకూ అనువుగా ఉంటుంది.

కొలతలు చెబుతాను. గుడ్డ పొడవు పదడుగులైతే, కట్టాక దాని రెండు కొనల మధ్య దూరం దాదాపు 8 అడుగుల 4 అంగుళాలు ఉండాలి. అంటే గుడ్డ పొడవులో 83 శాతం. దానికి దూలం 9 అడుగులు చాలు. మూడడుగుల ముక్కలు మూడు చేయించి, ఒకదానిలో ఒకటి దూరేలా స్లీవులు పెట్టించండి. కాళ్ళు ఐదేసి అడుగులు, ఒక్కోటి రెండు ముక్కలు. నిలబెట్టాక దూలం నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటే, కూర్చునే చోటు నేలకు అడుగున్నర ఎత్తున వస్తుంది. పాదాలు నేలకు ఆనుతాయి, లేవడం సులువు. మొత్తం మూడడుగుల సంచిలో పట్టేస్తుంది.

దూలానికి 38 మి.మీ. బయటి కొలత ఉన్న రౌండ్ పైపు, కాళ్ళకు 25 మి.మీ. పైపు తీసుకోండి. స్టీలైతే 16 గేజి, అంటే 1.6 మి.మీ. మందం. అల్యూమినియమైతే 2 మి.మీ. మందం ఉండాలి. స్టీలుతో చేయిస్తే అంతా కలిపి 13, 14 కిలోలు అవుతుంది. అల్యూమినియంతో దాదాపు ఏడు. ఒక్కటి గుర్తుంచుకోండి. అల్యూమినియం బరువులో స్టీలుకు మూడో వంతే, కానీ బిగువులో కూడా మూడో వంతే. కొలతలన్నీ ఒకటే అయినప్పుడు అల్యూమినియం పైపు మూడింతలు వంగుతుంది. తేలిక కోసం సన్నం చేయకండి. పైపు లావు పెంచితే బిగువు చాలా వేగంగా పెరుగుతుంది. ఊయల కొక్కేన్ని పైపుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. జానెడు కిందికి వేలాడదీస్తే దూలం నొక్కుడుతో పాటు వంగడం కూడా మొదలవుతుంది.

ప్రశ్న: వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. కింద ఒక అడ్డ పైపు, రెండు చివరలా పైకి లేచిన చేతులు ఉండే మోడల్ చూపించి, మధ్యలో మడత పెట్టి చేయమని గిరాకీలు అడుగుతున్నారు. చేసిచ్చినవి కొన్నాళ్ళకు మూలలో పగిలి, వంగి తిరిగొస్తున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ వెల్డింగులో లోపం ఉండకపోవచ్చు. ఆ నమూనాలోనే బలమంతా మూలమీద పడుతుంది. పైన చెప్పిన 69 కిలోల అడ్డపు లాగుడు నాలుగడుగుల ఎత్తున చేతి కొనను లాగుతుంటే, ఆ చెయ్యి మొదట్లో, అంటే మీరు అతికిన చోట, దాన్ని విరిచే ప్రయత్నం నిరంతరం జరుగుతుంది. చేతులు నిటారుగా ఉంటే ఇది మరీ ఎక్కువ. బయటికి వాల్చితే మనిషి బరువు కొంత ఎదురు పనిచేసి తగ్గిస్తుంది. కంపెనీ స్టాండ్ల చేతులు బయటికి వాలి ఉండేది అందం కోసం కాదు. అయినా రెండంగుళాల స్క్వేర్ పైపు 12 గేజిలో తీసుకున్నా, బరువైన మనిషి ధబీమని కూర్చుంటే దాదాపు హద్దుకు వచ్చినట్టే. గిరాకీ 16 గేజి చాలంటే ఒప్పుకోకండి. ఆ ధరకు రాదని చెప్పి పంపించండి.

పగులు సాధారణంగా అతుకు మధ్యలో రాదు. అతుకు అంచున, పైపు మీద వస్తుంది. కాబట్టి మూల లోపలి వైపు త్రికోణం ప్లేటు వేయండి. దాని కొన దగ్గర అతుకును హఠాత్తుగా ఆపకుండా చుట్టూ తిప్పి తీసుకురండి.

మధ్యలో మడతబందు మాత్రం వద్దు. ఈ నమూనాలో కింది పైపు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే వంపు బలాన్ని మోస్తుంది. మధ్యభాగం తేలిక అనుకోవడానికి లేదు. బందుకున్న సన్నని పిన్ను ఆ బలాన్ని మోయాలంటే కష్టం. స్లీవ్ పెట్టండి. లోపలి పైపు అతుకుకు రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు దూరాలి. ఇక్కడొక చిక్కుంది. 50 మి.మీ. పైపు 12 గేజిలో లోపలి కొలత 44.8 మి.మీ. మార్కెట్లో దొరికేది 40 మి.మీ. పైపు. దాదాపు ఐదు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. స్టాండు ఊగులాడేది ఆ సందు వల్లే. లోపలి పైపు నాలుగు ముఖాల మీదా 2 మి.మీ. పట్టీలు అతికితే కొలత 44కు వస్తుంది. చేత్తో తోస్తే దూరుతుంది, దూరాక కదలదు. అడ్డంగా 10 మి.మీ. బోల్టు, నైలాక్ నట్టు. మామూలు నట్టు ఊగుడుకు వదులైపోతుంది.

మరో సంగతి మీ ఆరోగ్యం గురించి. జీఐ పైపు మీద అతుకు పెట్టేముందు అక్కడి జింకు పూతను గ్రైండరుతో పూర్తిగా తీసేయండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. గాలాడే చోట పనిచేయండి, మాస్కు కట్టుకోండి. తరవాత అక్కడ రెడాక్సైడ్ పూయడం మరవకండి.

ప్రశ్న: మేడ మీద నున్నటి టైల్స్ వేయించాం. ముక్కాలి స్టాండు కాళ్ళు జారి విచ్చుకుంటున్నాయి. రబ్బరు బుష్‌లు వేసినా తడిలో జారుతోంది.
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: రబ్బరును నమ్మకండమ్మా, అది సాయం మాత్రమే. ప్రతి ముక్కాలికీ నేలకు జానెడు ఎత్తున మూడు కాళ్ళనూ చుట్టి గొలుసుతో గానీ సాగని పాలిస్టర్ బెల్టుతో గానీ కలిపేయండి. కాళ్ళు బయటికి జరగాలని చూస్తే ఆ బెల్టే ఆపుతుంది, టైలుతో పనే ఉండదు. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది. కాళ్ళ మధ్య దూరం మూడున్నర అడుగులకు తగ్గకుండా చూడండి. లేకపోతే పక్కకు ఊగినప్పుడు స్టాండు ఒరుగుతుంది. మేడకు దగ్గరలో కరెంటు తీగలుంటే తొమ్మిదడుగుల లోహపు దూలాన్ని అక్కడ ఎత్తకండి.

ప్రశ్న: మా వైపు వెదురు పుష్కలం. పైపుల బదులు దాంతో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రంపచోడవరం

జవాబు: హాయిగా చేసుకోవచ్చు. నిలువుగా నొక్కే బలానికి వెదురు బాగా ఆగుతుంది, ముక్కాలి, దూలం నమూనాలో కావలసింది అదే. మూడు నాలుగేళ్ళు ముదిరిన, గోడ మందంగా ఉన్న బొంగు ఎంచుకోండి. లేత వెదురు ఎండాక ముడుచుకుపోయి కట్లన్నీ వదులవుతాయి. పురుగు పట్టకుండా బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టండి.

వెదురుకు బెజ్జం వేసి బోల్టు బిగించడమే పెద్ద శత్రువు. నిలువునా చీలుతుంది. తప్పనిసరైతే కణుపుకు ఆనుకుని వేసి, రెండు పక్కలా తీగచుట్టు బిగించండి. కాళ్ళను మాత్రం పైన తాడుతో అల్లి కట్టడమే మేలు. మడిచేటప్పుడు మూడూ దగ్గరకు చేరతాయి, విప్పితే విచ్చుకుంటాయి, కీలు అవసరం లేదు. దూలం కొనలు కణుపు దగ్గరే ముగిసేలా కోయండి. మడత కోసం దూలాన్ని రెండు ముక్కలు చేస్తే, అతుకు చోట బయటినుంచి రెండడుగుల ఇనుప పైపు తొడగండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడి పార్కుల్లో కొన్ని చోట్ల చెట్లకు ఊయల కట్టనివ్వరు. ఇక్కడ సులువుగా దొరికే సరుకు ఏది?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: హార్డ్‌వేర్ దుకాణంలో కంచెలకు పైన వేసే రెయిల్ పైపు అడగండి. 1⅜ అంగుళాల స్టీలు పైపు అది. ఒక కొన నొక్కి సన్నం చేసి ఉన్నవి కొంటే మరో పైపులో నేరుగా దూరుతాయి, స్లీవ్ ఖర్చు తప్పుతుంది. అక్కడ ఊయల ప్రియులు దూలానికి ఎక్కువగా వాడేది ఇదే. కట్టేముందు ఆ పార్కు నియమాల్లో స్టాండు గురించి ఏముందో కూడా చూడండి.

ప్రశ్న: అట్లతద్దికి మనవరాళ్ళు వస్తారు. ఈ స్టాండుకే పీట కట్టి ఊగించవచ్చా? మా చిన్నమ్మాయికి మూడు నెలల బాబు. వాడిని కూడా ఈ గుడ్డ ఊయలలోనే పడుకోబెట్టవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: మాష్టారూ, రెండింటికీ వద్దనే చెప్పాలి.

ఊగే ఉయ్యాల లెక్క వేరు. 60 డిగ్రీల ఎత్తు నుంచి ఊగుతూ వస్తే, అడుగుకు వచ్చేసరికి తాడు మీద మనిషి బరువుకు రెండింతలు పడుతుంది. పైగా ఆ లాగుడు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు. మడత స్టాండు అడుగు వెడల్పు దానికి చాలదు, బోర్లా పడుతుంది. అట్లతద్ది ఉయ్యాలకు చెట్టు కొమ్మో, నేలలో పాతిన దుంగలో కావాలి.

బాబు విషయంలో మరీ జాగ్రత్త. నెలల పిల్లలు గుంటగా ఉన్న ఊయలలో ఒంగి పడుకుంటే గడ్డం గుండెకు ఆనుకుని ఊపిరి ఆడక ఇబ్బంది వస్తుంది. మెడ ఎత్తే బలం వాళ్ళకింకా ఉండదు. పెద్దవాళ్ళ ఒళ్ళో పడుకుని ఆడుకోవడానికి సరే గానీ, నిద్రకు మాత్రం చదునైన గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టమనండి.

ప్రశ్న: స్టాండు చేయించుకున్నాను. పడుకోవాలంటే భయంగా ఉంది. ఎలా పరీక్షించాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ భయం మంచిదే. ఊయలలో పాత దుప్పటి పరిచి, 25 కిలోల బియ్యం బస్తాలు ఒక్కొక్కటిగా ఆరు వేయండి. 75 కిలోల మనిషికి అది రెండింతల బరువు. ఒక్కో బస్తా వేశాక దూలం చివర నుంచి కన్ను పెట్టి చూడండి, వంపు కనిపిస్తే ఆపేయండి. ఆరూ వేసి గంటసేపు వదిలేసి, తీశాక కూడా దూలం తిన్నగానే ఉండాలి. స్లీవుల దగ్గర, బోల్టు బెజ్జాల దగ్గర పెచ్చులూడిన రంగు కనిపిస్తే లోపల పైపు సాగిందని అర్థం. ఆ ముక్క మార్పించండి. అన్నీ బాగుంటే కింద పరుపు వేసుకుని మొదటిసారి మెల్లగా కూర్చోండి. తరవాత కూడా ప్రతిసారీ విప్పి నిలబెట్టగానే బోల్టులన్నీ ఒకసారి చేత్తో తిప్పి చూసుకోండి.