స్పీకరు జేబులోనే ఉంచు, అల్లుడూ

ఉబెరాబా, జూన్ నెల



నీ ఉత్తరం చేరింది. అత్తకు పోర్చుగీసులో చెప్పుకుంటూ చదివాను. పొకొనేలో గది మారావనీ, కొత్త ఇంటావిడ తెల్లవారుజామున మూడున్నరకే లేచి నీకు ఫ్లాస్కులో కాఫీ పోసిస్తోందనీ తెలిశాక అత్త మనసు కుదుటపడింది. నా మనసు మాత్రం కుదుటపడలేదు. అందుకు కారణం ఒకటి నువ్వు రాసిన సంగతి, ఇంకొకటి నువ్వు రాయని సంగతి.

రాయనిది ముందు చెప్తాను. పోయిన వారం నేను పిట్టలు చూపించే కనాస్త్రా కొండలకు ఇద్దరు అతిథులు వచ్చారు. భార్యాభర్తలు, వయసులో పెద్దవాళ్లు, మంచి మనుషులు. పాంటనాల్ చిత్తడి నేలల్లో నీ వెంట పిట్టలు చూసుకుని ఇటు వచ్చారు. మాటల్లో నువ్వు నా మేనల్లుడివని తెలిసి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏ పిట్ట కావాలన్నా అయిదు నిమిషాల్లో కళ్లెదుట నిలబెడతావట. నడుముకు స్పీకరు, చేతిలో ఫోను. మాతో గ్రోసో యాంట్‌బర్డ్ బయటికి రాకపోతే పావుగంట సేపు అదే కూత మళ్లీ మళ్లీ వినిపించి చివరికి తుప్పలోంచి లాగావట. వాళ్లు నిన్ను మెచ్చుకుంటూనే చెప్పారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్ను ఈ దేశానికి పిలిచింది నేను.  కాబట్టి ఈ మాట అనే చనువు నాకుంది. కోపంతో రాస్తున్నాననుకోకు.

పావుగంట ఎంత ఎక్కువో ఆ పిట్ట వైపు నుంచి చూడు. మగపిట్ట కూత అంటే ఈ తుప్ప నాది, ఈ ఆడది నాది, దూరంగా పో అని చెప్పడం. నువ్వు స్పీకరు నొక్కడం, ఎవడో మన గుమ్మంలోకి వచ్చి ఈ ఇల్లు నాదని కేకలు వేయడం లాంటిది. ఆ పిట్ట మేత మానేస్తుంది, గూడు దగ్గర కాపలా మానేస్తుంది, కనపడని శత్రువు కోసం కొమ్మకొమ్మకూ ఎగురుతుంది. నువ్వు జీపెక్కి వెళ్లిపోతావు. మరునాడు ఇంకో గైడు ఇంకో గుంపుతో అదే మలుపులో, అదే తుప్ప ముందు జీపు ఆపుతాడు. ట్రాన్స్‌పాంటనేరా రోడ్డు తొలి కిలోమీటర్లలో ఏ పిట్ట ఏ తుప్పలో ఉంటుందో అందరికీ తెలుసు. జులై నుంచి అక్టోబరు దాకా ఆ ఒక్క జంటకు రోజూ ఇదే పోరు.

నా కళ్లతో చూసింది చెప్తాను. పరాచీ దగ్గర, సముద్రపు ఒడ్డు చిత్తడి తుప్పల్లో ఒక చిన్న పిట్ట ఉంది. తల నలుపు, వీపు ఇటుక ఎరుపు. నూరేళ్లకు పైగా ఎవరికీ కనబడక 1987లో మళ్లీ దొరికిన బ్లాక్ హుడెడ్ యాంట్‌రెన్. ప్రపంచం మొత్తం మీద ఆ పరాచీ, ఆంగ్రా చుట్టుపక్కలే దాని బతుకు. నేను వేరే గైడు వెంట, చూసేవాడిలా వెళ్లాను. అతను కూత వేశాడు. మగది వచ్చింది. ముక్కున పచ్చటి మిడత. పిల్లల కోసం పట్టిన మిడత. దాన్ని మింగదు, వదలదు, గూటికి తీసుకుపోదు. మిడత కాళ్లు ముక్కుకు అటూ ఇటూ తన్నుకుంటుంటే, ఆ నిండు నోటితోనే తోక కొట్టుకుంటూ స్పీకరు చుట్టూ తిరుగుతూ అరిచింది. కెమెరాలు టకటకమన్నాయి. చాలు ఆపమని నేను అంటే, ఇంకొక్క ఫొటో అన్నారు. ఆ మిడత ఆ పూట పిల్లల నోటికి చేరిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

స్పీకరు అసలే వాడకూడదని నేననను. నలుగురు తుప్పల్లో పడి తొక్కుకుంటూ వెతికే బదులు ఒక్కసారి చిన్నగా కూత వినిపించి, పిట్ట తొంగి చూడగానే ఆపేస్తే దానికి తక్కువ నష్టమని వాదించే గైడ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. కానీ ఒక్కసారంటే ఒక్కసారే. పలకకపోతే జేబులో పెట్టు. పలికితే వెంటనే ఆపు. గూడు కడుతున్న దాని దగ్గర వద్దు. అరుదైన దాని దగ్గర అసలు వద్దు. నీకంటే ముందు పొద్దున ఇంకో జీపు ఆగిన చోట వద్దు. చిన్న గుడ్లగూబ కూత పెట్టి చిన్న పిట్టలన్నిటినీ హడలగొట్టి పోగుచేస్తారే, ఆ పని ఎంత తేలికైనా నువ్వు చేయకు. నోటితో ఈల వేసినా అదే లెక్క, స్పీకరు కాదు కదా అనుకోకు. ఇంకో మాట, ఆ ఫోను శబ్దం తగ్గించు. పిట్ట గొంతు కంటే నీ స్పీకరు గొంతు పెద్దదైతే ఆ మగపిట్ట తనకంటే బలమైనవాడొచ్చాడనుకుంటుంది.

అలగోవాస్‌లో మురిసి అడవి పేరు విని ఉంటావు. 1979లో అక్కడొక పిట్టను కొత్తగా కనుక్కున్నారు, 1983లో దానికి పేరు పెట్టారు, 2011 తర్వాత మళ్లీ ఎవరికీ కనబడలేదు. అలగోవాస్ ఫోలియేజ్ గ్లీనర్. చెరకు కోసం, పశువుల కోసం అడవి కొట్టేయడం వల్ల పోయింది, స్పీకర్ల వల్ల కాదు. అది నాకు తెలుసు. కానీ అడవి ముక్కలై అందులో గుప్పెడు పిట్టలే మిగిలిన చోట, వాటి పొద్దు మనదనుకునే అధికారం గైడుకు ఎక్కడిది? ఈ మాట నేను అత్తతో అంటే, నువ్వు రోజూ భోజనానికి ముందు ఇదే చెప్తావంటుంది. చెప్తాను. నువ్వు మానేదాకా నీకూ చెప్తాను.

భోజనమంటే గుర్తొచ్చింది, సరిగా తింటున్నావా? గుంపుతో ఉన్నప్పుడు వాళ్ల పళ్లేలు నిండాయో లేదో చూసి నువ్వు బ్రెడ్డుముక్క నములుతావని నాకు తెలుసు. మధ్యాహ్నం ఎండలో పిట్టలు మెదలవు, ఆ రెండు గంటలూ పడుకో. గడ్డిలోకి దిగితే మోకాళ్ల దాకా తోలు పట్టీలు కట్టుకో. జరారాకా పాము దారి పక్కనే చుట్ట చుట్టుకుని ఉంటుంది, అడుగు దాని మీద పడేదాకా కదలదు. రాత్రి గదికి రాగానే పిడుదులు చూసుకో, చంకల్లో, మోకాళ్ల వెనక. పశువుల డాక్టరైన నీ మామయ్య చెప్తున్నాడని విను.

మరి స్పీకరు లేకుండా చూపించడం ఎలా అంటావు. నేను కనాస్త్రాలో మెర్గుల్యావ్ బాతును మొదటిసారి చూసింది గైడుగా కాదు, ఆవులకు జబ్బు చేస్తే వెళ్లినప్పుడు. జున్ను చేసే ఇల్లది. ఆ ఇంటి పెద్దాయన చదువు లేనివాడు, అరవై దాటినవాడు. పని అయ్యాక బాతు చూస్తావా అన్నాడు. తెల్లవారకముందే సావ్ ఫ్రాన్సిస్కో నది ఒడ్డుకు తీసుకుపోయి ఒక రాయి చూపించాడు. దాని మీద తెల్లటి రెట్ట మరకలు. వేలితో తాకి, ఇది ఎండింది, ఆ రాయి మీదది తడిగా ఉంది, అంటే నిన్న సాయంత్రం అక్కడ కూర్చున్నాయి అన్నాడు. నన్ను ఎదురు ఒడ్డున పొద వెనక కూర్చోబెట్టాడు. మాట్లాడొద్దన్నాడు. మంచు తేలిపోయేదాకా కూర్చున్నాం. ఎండ నీళ్ల మీద పడగానే జంట వచ్చింది. కారు ఆకుపచ్చ తల, వెనక్కి వేలాడే పొడవాటి జుట్టు, ఎర్రటి కాళ్లు. మునిగి చేప పట్టి, ఆ రాయి మీదే రెక్కలు విదిలించుకున్నాయి. మేమున్నామని వాటికి తెలియను కూడా తెలియలేదు. ప్రపంచంలో ఆ బాతులు పెద్దవి 250 కూడా లేవంటారు. అవి నీళ్లలో కళ్లతో వెతికి చేపను పడతాయి, ఏరు మట్టిబారితే వాటికి ఆకలే. ఆ పెద్దాయన ఇంకో విషయం చూపించాడు. ఆవులు నీళ్లు తాగడానికి దిగే రేవును ఆయన పదిహేను గజాలు కిందికి మార్చాడు, ఒడ్డు కరగకుండా. బాతు కోసం మార్చానని మాత్రం ఆయన అనలేదు. అంతకు ముందు మన నేలపట్టు చెరువు కట్ట మీద గూడబాతుల కోసం మా నాన్న పక్కన కూర్చోవడం నాకు అలవాటే, అందుకే ఆ పొద్దు నాకు కష్టం అనిపించలేదు. నీకూ ఆ అలవాటు ఉంది. చిన్నప్పుడు పులికాట్‌లో పరజల కోసం ఎంతసేపు నిలబడేవాడివో నేను మర్చిపోలేదు.

అతిథులు జాబితా నింపుకోవడానికే వస్తారంటావు. కొందరు అంతే. బ్రెజిల్ పక్షుల జాబితాలో 1,971 జాతులున్నాయని 2021లో లెక్క తేల్చారు. వాళ్లకు అవన్నీ కావాలి. ఉండనీ. కానీ వాళ్లకు ఇంటికెళ్లాక చెప్పుకోవడానికి కథ కావాలి, అది నీ దగ్గరే ఉంది. నీలి అరారా చిలుకలు గూడు పెట్టే మందువి చెట్టుకు అంత తొర్ర పడాలంటే అరవై ఏళ్లు పట్టొచ్చని చెప్పు. ఆ చెట్టు గింజల్ని అడవిలో వెదజల్లేది టూకాన్ అనీ, అరారా గుడ్లు దొంగిలించి తినేదీ ఆ టూకానేననీ చెప్పు. గుడ్లు తినేవాడు లేకపోతే రేపటి గూళ్లకు చెట్లు మొలవవు. చెట్టు కింద నిలబెట్టి ఇది చెప్తే ఎంత పెద్ద జాబితావాడైనా కాసేపు పుస్తకం మూస్తాడు. 1990 నుంచీ నైవా గెదెస్ అనే ఆవిడ ఆ గూళ్ల వెంట తిరుగుతూ, కొయ్య పెట్టెలు కట్టిస్తూ ఆ పిట్టల్ని నిలబెట్టింది. ఆవిడ సంగతీ చెప్పు.

ఇక నువ్వు రాసిన సంగతికొస్తాను. సీజన్‌లో అమ్మ ఇక్కడికి వస్తే చూసుకోలేను, ఆ ప్రయాణం వచ్చే ఏడాదికి మార్చమని నన్ను అడిగావు. నేను మార్చను. ఆవిడ నీ కోసం రోజూ మధ్యాహ్నం భోంచేసి ఒంటిగంటన్నరకు ఫోను ముందు కూర్చుంటుంది. నీకప్పుడు తెల్లవారుజామున నాలుగు, నువ్వు జీపులో ఉంటావు. మోగదని తెలిసీ కూర్చుంటుంది. నాకు చెప్పొద్దంది, చెప్తున్నాను. వినాయక చవితి అయ్యాకే వస్తుంది. ఆ నెలలో నీ గుంపుల్లో ఒకదాన్ని స్నేహితుడికి అప్పగించు. ఆ డబ్బు పోతే పోనీ, అత్తా నేనూ ఉన్నాం.

ఆవిడను పోర్తు జోఫ్రేలో జాగ్వార్లను చూపించే పడవ ఎక్కించకు. ఎండ, డీజిలు వాసన, నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పొకొనే నుంచి మొదటి వంతెనల దాకా సాయంత్రం తీసుకెళ్లు. తుయుయు కొంగలు గూట్లో నిలబడి ఉంటాయి, ఆవిడకు అవి చాలు. తర్వాత ఏదైనా ఫజెండా దగ్గర ఆపి పశువుల్ని చూపించు. మూపురం, గంగడోలు, తెల్లటి ఒళ్లు చూడగానే మన ఒంగోలు జాతని ఆవిడకు నువ్వు చెప్పక్కర్లేదు. 1960ల మొదట్లో ఓడెక్కి వచ్చిన ఆబోతుల్లో ఒకదానికి ఇక్కడివాళ్లు కరవది అనే మన ఊరి పేరే ఉంచారనీ, దాని సంతానం ఈ దేశమంతా ఉందనీ చెప్పు. ఈ మాట నేను చెప్తే ఆవిడ నమ్మదు, నువ్వు చెప్తే నమ్ముతుంది. తిండికి భయం లేదు. అన్నం, బీన్సు, కర్రపెండలం, ఆవకాయ ఆవిడే మోసుకొస్తుంది. ఎవరైనా పెకీ అన్నం పెడితే గింజ కొరకొద్దని ముందే చెప్పు, లోపల సన్నటి ముళ్లుంటాయి.

సెప్టెంబరులో అడవులకు నిప్పంటుకుని పొగ కమ్మితే ఆవిడను అక్కడ ఉంచకు, వెంటనే మా ఇంటికి తీసుకురా. 2020లో ఆ పొగ ఎంత దూరం వచ్చిందో అత్త ఇప్పటికీ చెప్తుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది పసుపు జ్వరం టీకా. ఆ పత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగి వెళ్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎంలో వేస్తారు. ఆవిడకు అరవై దాటాయి కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడాకే వేయించుకోమను. నువ్వే ఫోను చేసి చెప్పు, పొద్దున గుంపు బయల్దేరే ముందు. ఆవిడ ఫోను ముందే ఉంటుంది. టికెట్టు తేదీ తెలియగానే నాకు రాయి, ఆవిడ గ్వారుల్యోస్ విమానాశ్రయంలో దిగేసరికి నేను అక్కడ ఉంటాను. కుయాబా విమానం ఎక్కించి నేనూ వెంట వస్తాను. అత్త నీకు జున్నూ, కొత్త తోలు పట్టీలూ పంపుతోంది.

ఇట్లు
నీ మామయ్య