తలకు దెబ్బ తగిలితే...

ఈ పాఠంలో కొంత సైన్సు సార్ చెప్పింది, కొంత మా ఇంట్లో జరిగింది.

పోయిన వేసవి సెలవుల్లో మా మామ జీలుగు చెట్టు మీద నుంచి పడ్డాడు. కాసేపు తెలివి తప్పింది. మళ్ళీ లేచి మాట్లాడాడు, నీళ్ళు తాగాడు. ఏం కాలేదులే అనుకున్నాం. పొద్దుగూకేసరికి వాంతి చేసుకున్నాడు. మత్తుగా పడుకున్నాడు, పిలిస్తే పలకలేదు. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకుపోయి 108 ఎక్కించారు.

ఎందుకిలా అయింది? పుర్రె గట్టి డబ్బా లాంటిది, సాగదు. కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపు ఒక రక్తనాళం ఉంటుంది. ఎముక చిట్లితే అది తెగొచ్చు. అప్పుడు రక్తం ఎముకకూ మెదడు పై పొరకూ మధ్య చేరి గడ్డ కడుతుంది. మొదట కొంచెమే కాబట్టి మనిషి మాట్లాడతాడు. పెరిగేకొద్దీ గడ్డ మెదడును నొక్కేస్తుంది.

డాక్టర్లు ముందు స్పృహకు మార్కులు వేస్తారు. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాళ్ళూ చేతులూ కదపడానికి 6, మొత్తం 15. తక్కువలో తక్కువ 3. 8 గానీ ఇంకా తక్కువ గానీ వస్తే చాలా ప్రమాదం. ఈ లెక్కను 1974లో గ్లాస్గో నగరంలో టీజ్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు చెప్పారు. తర్వాత సీటీ స్కాన్ తీస్తారు. గడ్డ పెద్దదైతే మత్తిచ్చి, పుర్రె ముక్క కోసి తీసి, గడ్డను తీసేసి, కారే నాళాన్ని మూసి, ముక్కను మళ్ళీ అమర్చుతారు. మెదడు బాగా వాచి ఉంటే ముక్కను కొన్ని వారాలకో నెలలకో పెడతారు.

పూర్తిగా స్పృహ పోకముందే ఇలాంటి గడ్డ తీస్తే చాలామంది బతుకుతారు. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. మెదడు కూడా నలిగితే తర్వాత మూర్ఛలు, మతిమరుపు, కోపం ఉండొచ్చు.

మా మామ బతికాడు. దెబ్బ ఎడమ వైపు తగిలింది, పట్టు తగ్గింది కుడి చేతికి. మెదడు ఎడమ సగం కుడి వైపును నడుపుతుందట. నా పేరు కోసం కాసేపు వెతుక్కుంటాడు. అత్త రోజూ చింతపిక్కలు లెక్కపెట్టిస్తుంది. ఇప్పుడు 40 దాకా తప్పు లేకుండా చెబుతున్నాడు.

గుర్తు పెట్టుకోండి:
1. దెబ్బ తగిలినవాళ్ళను ఒక రోజంతా కనిపెట్టి చూడాలి.
2. వాంతులు, మత్తు, ఫిట్స్, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.
3. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు, పసరు పోయకూడదు.
4. మోసేటప్పుడు మెడ కదలనివ్వకూడదు.

మొన్న మన హాస్టల్లో ఒకమ్మాయి కుళాయి దగ్గర జారిపడి, తిడతారని ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెల్లీ, పడితే దాచొద్దు. వార్డెన్ మేడం, మీరు కూడా ముందు చూడండి, తర్వాత తిట్టండి.

– 9వ తరగతి విద్యార్థిని