పాత ఆయిలింజనులో పోయిన బోల్టు మరలను బాగుచేయుట

పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలలో వానలు వెనుకబడినపుడు బావి నీరే పైరుకు ఆధారము. అట్టి వేళ బావిపైనున్న పాత ఆయిలింజనుకు హెడ్డు బోల్టు ఒకటి పట్టు వదలి ఊరకే తిరిగినచో, కంప్రెషను జారి ఇంజను నిలిచిపోవును. అయినను, ఒక్క రంధ్రములో మరలు పోయినంత మాత్రమున బ్లాకును పారవేయనక్కరలేదు.

మరలు ఏల పోవును?

తుప్పు, బోల్టును వంకరగా ఎక్కించుట, స్పానరుకు గొట్టము తగిలించి బలముకొలది బిగించుట, ఇవి అందరెరిగిన కారణములు. తెలియక చేయు తప్పు మరియొకటి కలదు. అది కొలత కలియని బోల్టును వాడుట. పాత ఇంగ్లీషు తరహా ఇంజనులలో విట్‌వర్త్ మరలుండును. అర అంగుళము విట్‌వర్త్ బోల్టు లావు 12.7 మి.మీ.; అంగుళమునకు 12 చుట్లు, అనగా చుట్టుకు చుట్టుకు నడుమ సుమారు 2.1 మి.మీ. నేడు అంగళ్లలో దొరకు 12 మి.మీ. మెట్రిక్ బోల్టుకు ఈ ఎడము సాధారణముగా 1.75 మి.మీ. మాత్రమే. కంటికి రెండును ఒకటిగానే తోచును. కాని పాత రంధ్రములో మెట్రిక్ బోల్టు సరిగా కూర్చుండక, బిగించగానే మరలను కోసివేయును.

కనుక అంగడికి పోవునపుడు అదే ఇంజనులోని మంచి బోల్టు నొకదానిని వెంట తీసికొని పోవలెను. కొత్తదానిని దాని ప్రక్కన ఆనించి వెలుతురులో చూడవలెను. మరలు ఒకదానిలో ఒకటి సందు లేకుండ ఇమిడిననే కొనవలెను.

బాగుచేయు విధము

1. సిలిండరును గుడ్డతో కప్పి, రంధ్రమును శుభ్రము చేయవలెను.

2. పైచుట్లు మాత్రమే నలిగియున్న యెడల, అదే కొలత ట్యాపును నిటారుగా దింపిన చాలును. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పుచుండవలెను.

3. మరలు పూర్తిగా పోయినచో, రంధ్రమును పెద్దది చేసి, ప్రత్యేకమైన ట్యాపుతో మర కోసి, హెలికాయిల్ అను ఉక్కుతీగ చుట్టను ఎక్కించవలెను. పాత కొలత బోల్టే మరల పట్టును. డ్రిల్లు ఏమాత్రము ప్రక్కకు వాలినను పని చెడును గాన దీనిని అనుభవముగల లేతు పనివానిచేతనే చేయించుట మేలు.

చేయరాని పనులు

బోల్టుకు నారగాని, రేకుగాని చుట్టి బిగించరాదు. పోతయినుప బ్లాకును తొందరపడి వెల్డింగు చేయించినచో పగులవచ్చును. అడుగు మూసిన రంధ్రములో నూనె నిలిచియుండగా బోల్టు బిగించినను, నూనె ఒత్తిడికి బ్లాకు చీలవచ్చును.

చివరకు హెడ్డు బోల్టులను ఒకేసారి గాక, ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో సమముగా బిగించవలెను. బోల్టు కొనునపుడు ఒక నిమిషము నిదానించిన రైతుకు, పైరు ఎండువేళ ఇంజను విప్పుకొని కూర్చుండు బాధ తప్పును.