దుమ్మును లెక్కపెట్టే వెలుగు



ఈ రాత్రి గదిలో లైట్లు ఆపి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి, పిల్లలను పక్కనుంచి చూడమనండి. వెలుగు దారిలో దుమ్ము మెరుస్తుంది. ప్రతి రేణువూ తనమీద పడిన వెలుగును పక్కలకు చెదరగొడుతుంది. పదో తరగతి ఫిజిక్స్‌లో దీన్నే స్కాటరింగ్ అంటాం. తెలుగులో కాంతి పరిక్షేపణం.

ఎయిర్ ప్యూరిఫయర్లలోని సెన్సర్ చేసేదీ ఇదే. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది. రేణువు లేజర్ కిరణాన్ని దాటగానే ఒక మెరుపు వస్తుంది. మెరుపులను బట్టి రేణువులు ఎన్నో, మెరుపు తీవ్రతను బట్టి సైజు ఎంతో సెన్సర్ అంచనా వేస్తుంది. 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులే పీఎం 2.5. ఇవి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ఊపిరితిత్తుల లోతుకు చేరి పిల్లల ఆస్తమాను పెంచుతాయి.

అయితే మీటరు పొరపడవచ్చు. మంచు బిందువులు కూడా వెలుగును చెదరగొడతాయి కాబట్టి చలికాలం ఉదయం అంకె పెరగవచ్చు. రేణువు దుమ్మో, పొగో కూడా అది చెప్పలేదు. పదార్థాన్ని గుర్తించడానికి ఒక దారి, చెదిరిన వెలుగు రంగులో వచ్చే స్వల్ప మార్పును చూడడం. 1928 ఫిబ్రవరి 28న సి.వి.రామన్ కనుగొన్నది ఆ మార్పునే. అందుకే ఆ రోజు జాతీయ సైన్స్ దినోత్సవం.

బయటి గాలి సంగతి తెలియాలంటే మన జూపార్కు దగ్గరి కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్ అంకెలను సమీర్ యాప్‌లో చూడండి. ఇంట్లో ఊదు, సాంబ్రాణి వేస్తే కిటికీలు తెరవండి. ప్యూరిఫయర్‌లో పచ్చ లైటు వెలుగుతున్నా బిడ్డ దగ్గు తగ్గకపోతే, డాక్టరుకు చూపించండి.

మీ సైన్స్ టీచర్