పాత కారు స్పీడోమీటర్ తప్పు చూపుతోందా? ముందు ఓడోమీటర్‌ను చూడండి

ఉద్యోగరీత్యా ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి భిలాయ్ సెక్టార్లలో స్థిరపడిన కుటుంబం ఒకటి ఉందనుకుందాం. వాళ్ల దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉంది. దుర్గ్ వైపు వెళుతుంటే ముల్లు 40 దగ్గరే నిలిచింది గానీ, పక్కన రావలసిన స్కూటర్లు వెనకబడిపోతున్నాయి. ఎవరిని నమ్మాలి?

ఇది చిన్న విషయం కాదు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా సైకిళ్లు, మోటారు సైకిళ్లే. ముల్లు 60 చూపుతుండగా అసలు వేగం 66 అయితే కారు గతిశక్తి 21 శాతం ఎక్కువగా ఉంటుంది. బ్రేకు పడ్డాక కారు ఆగే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుంది.

పాత స్పీడోమీటర్‌లో బ్యాటరీతో పనేమీ లేదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ మీటర్ లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం ఆ గిన్నెలో ఎడ్డీ విద్యుత్ ప్రవాహాలను పుట్టించి, దాన్ని తనతో లాక్కుపోవాలని చూస్తుంది. సన్నని హెయిర్ స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుడులూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ పొందిన పద్ధతి ఇదే.

ఓడోమీటర్ సంగతి వేరు. అదే కేబుల్ దాన్నీ తిప్పుతుంది కానీ, పళ్ల చక్రాల ద్వారా మాత్రమే. అందులో అయస్కాంతం లేదు, స్ప్రింగ్ లేదు. కాబట్టి దాని లెక్కతో ముల్లును పోల్చితే, మీటర్ విప్పకుండానే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

రద్దీ లేని ఉదయం జాతీయ రహదారి మీదికి ఇద్దరు వెళ్లండి. నడిపేవారు రోడ్డునే చూడాలి. పక్కవారు ముల్లును, గడియారాన్ని, కిలోమీటర్ రాళ్లను గమనిస్తూ ‘కొంచెం తగ్గించు’, ‘కొంచెం పెంచు’ అని చెప్పాలి. ముల్లు 40 దగ్గర నిలకడగా ఉంటే 2 కిలోమీటర్లకు 180 సెకన్లు పట్టాలి. 164 సెకన్లే పట్టిందంటే? 7200ని 164తో భాగించండి: అసలు వేగం దాదాపు 44. తర్వాత 10 కిలోమీటర్లు వెళ్లి ఓడోమీటర్ ఎంత పెరిగిందో రాసుకోండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు అటూ ఇటూ జరిగి ఉండవచ్చు. అందుకే ఒక్క రాయిని నమ్మవద్దు. మొబైల్‌లోని జి.పి.ఎస్. వేగంతోనూ సరిచూసుకోండి.

ఓడోమీటర్ కూడా 10కి బదులు 9 దగ్గరే ఆగితే లోపం మీటర్ బయట వెతకాలి. టైరు పెద్దదైందా? చాక్‌పీసుతో టైరు మీద, నేల మీద గుర్తు పెట్టి, కారును సరిగ్గా ఒక చుట్టు తోసి ఆ దూరం కొలవండి. అసలు కొలత టైరుకు 2 మీటర్లు వచ్చి, ఇప్పటి టైరుకు 1.92 వస్తే ముల్లు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. టైరు పెద్దదైతే తక్కువ చూపుతుంది. గేర్‌బాక్స్‌నో, వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌నో, మీటర్‌నో మరో మోడల్‌ది పెట్టించినా ఇలాగే జరుగుతుంది. ఇంజన్ మార్పించుకున్న పాత కార్లలో నేను ముందు అనుమానించేది దీన్నే. అన్నట్టు, బాగా పాత కారైతే డయల్ మైళ్లలో ఉందేమో కూడా చూడండి!

ఓడోమీటర్ సరిగ్గా ఉండి ముల్లు మాత్రమే తప్పితే లోపం మీటర్ లోపలే. అయస్కాంతం బలహీనపడితే తక్కువ చూపుతుంది, స్ప్రింగ్ సడలితే ఎక్కువ. ఎండ ప్రభావం కూడా ఉంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అల్యూమినియం విద్యుత్ నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది, ఎడ్డీ ప్రవాహాలు ఆ మేరకు తగ్గుతాయి. దీన్ని సరిదిద్దడానికి చాలా మీటర్లలో అయస్కాంతం పక్కన ఒక ప్రత్యేక మిశ్రమ లోహపు ముక్క పెడతారు. మధ్య భారతంలో మే నెల ఎండ తెలిసిందే కదా, పరీక్షను ఒక మధ్యాహ్నం కూడా చేసి చూడండి.

ముల్లు అసలు నిలవకుండా ఊగుతుంటే ముందు కేబుల్‌ను చూడండి. లోపలి తీగను బయటికి తీసి బల్లమీద దొర్లిస్తే వంకర ఉన్నచోట ఎగిరిపడుతుంది. వంకర ఉంటే మార్చాలి. లేకుంటే కిరోసిన్‌తో కడిగి, పల్చగా గ్రీజు రాయండి. మీటర్ వైపు కొసకు మాత్రం రాయకండి. అది పాకి గిన్నె దాకా చేరితే ముల్లు మళ్లీ తప్పు చూపుతుంది.

హెయిర్ స్ప్రింగ్ జోలికి ఇంట్లో వెళ్లవద్దు, అది మీటర్ మెకానిక్ పని. అతని దగ్గరికి వెళ్లేలోగా ‘40 అంటే 44’ అని కాగితం మీద రాసి డాష్‌బోర్డుకు అంటించండి.