ప్రయాణమున పెంపుడు కుక్కకు ధైర్యము కలిగించుట

వేసవి సెలవులు రాగానే బరంపురమునందలి మన తెలుగు కుటుంబములు పెక్కు విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలోని బంధువుల యిండ్లకు బయలుదేరును. ఇంట కుక్క యున్నచో, దాని నెవరి కప్పగింతుమా యను చింత మొదట పిల్లలకే కలుగును. వెంట గొనిపోవ నెంచు తల్లిదండ్రులకు ఉపకరించునని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. ఒక వేసవిని, ఏ అలవాటును చేయకయే, మా కుక్కను రైలులో గార్డు పెట్టెయందలి కుక్కల అరలో ఎక్కించితిమి. పలాసలో దిగి చూచునప్పటికి అది చొంగ కార్చుచు వణకుచుండెను. విజయనగరమున దానిని కౌగిలించుకొనబోయిన మా చిన్నపిల్లకు పండ్లు చూపెను. అది కోపము కాదు, భయమని పిదప గ్రహించితిమి.

భయమునకు గుర్తులు కలవు. నిద్ర రాకయే ఆవులించుట, మాటిమాటికి మూతి నాకుకొనుట, చెవులు వెనుకకు వాల్చుట, తోక కాళ్ళనడుమ ముడుచుట, ఎండ లేకున్నను రొప్పుట మొదలగునవి కనబడినపుడు గద్దింపరాదు. గద్దించినచో భయము ఇనుమడించును.

1904లో నోబెల్ బహుమతి నందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవు, ఆహారముతో జతపడిన చప్పుడు వినినంతనే కుక్క నోట నీరూరునని నిరూపించెను. తిరుగు ప్రయాణమునకు ముందు మూడు వారములు మేము ఈ సూత్రమునే అనుసరించితిమి. ఒక కొయ్యపెట్టెలో మా పాత దుప్పటి పరచి, తలుపు తెరచియుంచి, అందే అన్నము పెట్టితిమి. అది తనంత తాను లోనికి పోవుట మరగిన పిమ్మట ఒక నిమిషము, తరువాత 5 నిమిషములు, క్రమముగా అరగంట తలుపు మూసితిమి. బెదరిననాడు ఒక మెట్టు వెనుకకు తగ్గితిమి. సాయంకాలములందు స్టేషనుకు దూరముగా నిలిపి, రైలు కూత వినబడినపుడెల్ల తినుబండారము నిచ్చితిమి.

ప్రయాణమునాడు 3, 4 గంటల ముందే కొలదిగా ఆహారము పెట్టవలెను. కుక్కపిల్లలకు చెవిలోని సమతూక యంత్రము పూర్తిగా ఎదుగనందున వాంతులు మెండు. కుక్కకు చెమట ముఖ్యముగా పాదములందే పట్టును. రొప్పుటచేతనే అది చల్లబడును. కావున మండుటెండలో ప్రయాణము తగదు. పగ్గు వంటి పొట్టిముక్కు జాతులకు మరింత అపాయము. ఎండలో నిలిపిన కారు తలుపులు మూసినచో 10 నిమిషములలోనే లోపలి వేడి దాదాపు 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరుగును. కుక్కను అందు విడువరాదు. మనుష్యుల నిద్రమందులను ఈయనే కూడదు. కొన్ని మత్తుమందులు దేహమును కదలనీయవు గాని, లోని భయమును పోగొట్టవు. మందు అవసరమైనచో పశువైద్యుడే నిర్ణయింపవలెను.

ఏసీ మొదటి తరగతిలో రెండు లేక నాలుగు బెర్తుల గదిని పూర్తిగా తీసికొనినవారు కుక్కను తమతోనే ఉంచుకొనవచ్చును. స్లీపరు మున్నగు తరగతులలో వీలులేదు. టీకా పత్రము దగ్గర నుండవలెను.

తిరిగి వచ్చునపుడు పలాసలో మరల దిగి చూచితిమి. మా కుక్క దుప్పటిపై పరుండి యుండెను. మా చిన్నపిల్ల గిన్నెతో నీరందించగా, లేచి తోక నాడించి త్రాగెను. నోరులేని జీవి భయమును కనిపెట్టుట ఆ బిడ్డ ఆ వేసవియందే నేర్చెను; మేమును నేర్చితిమి.