ఖర్జూరాల ప్రదర్శన నేర్పిన పాఠం



2024 జూలైలో బంధువులను చూచుటకు అబుదాబి వెళ్లినప్పుడు, లివా అనే ఎడారి ప్రాంతంలో జరిగే ఖర్జూరాల ప్రదర్శన చూచే అవకాశం మాకు కలిగింది. మన కిసాన్ మేళా వంటిదే. రైతులు తమ తోటల్లో పండిన ఖలాస్, దబ్బాస్, ఖునైజీ మొదలైన రకాలను బుట్టల్లో పేర్చి పోటీకి పెడతారు. మామిడి, నిమ్మకు కూడా పోటీలున్నాయి. మామిడిని చూడగానే మాకు జగిత్యాల మార్కెట్ గుర్తుకు వచ్చింది. ఖర్జూరపు చెట్టు మన ఈత చెట్టుకు దగ్గరి చుట్టమే. ఏలీములో ఇశ్రాయేలీయులు చూచిన 70 చెట్లను మన తెలుగు బైబిలులో ఈతచెట్లనే చెప్పారు.

అక్కడ సిరిసిల్ల వైపు నుండి వచ్చి తోటలో పని చేస్తున్న ఒక సహోదరుడు కలిశాడు. చేతిలో పెద్ద ఖర్జూరాల డబ్బా ఉంది. "ఎవరికి తమ్మీ?" అని అడిగాము.

"నా బిడ్డకమ్మా. ఏడో నెల. రక్తం తక్కువున్నదన్నరు. గోలీలు ఏసుకుంటె కడుపుల తిప్పుతుందని మానేసిందట. గందుకే గివి పంపుతున్న."

ఆ మాటకు మా మనస్సు కలత చెందింది. "ఖర్జూరాలు తింటే రక్తం పడుతుంది" అని మన వార్డుల్లో కూడా ఎంతోమంది నమ్ముతారు. నిజమేమిటో తెలుసుకుందాము.

ఖర్జూరంలో ఏముంది?

100 గ్రాముల ఖర్జూరాల్లో ఇనుము సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ గోలీ ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఖర్జూరం శక్తినిచ్చే మంచి పండే గాని గోలీకి బదులు కాదు. దానిలో చక్కెర కూడా ఎక్కువే. పెద్ద పండు ఒకటి తింటే నాలుగు చెంచాల చక్కెర తిన్నట్టే. కనుక గల్ఫ్ నుండి కొడుకు పంపాడని షుగరు ఉన్న తల్లులు గుప్పెడేసి తినరాదు.

గర్భిణులు పాటించవలసినవి

1. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ప్రతి తనిఖీలో అడిగి తెలుసుకోవాలి.
2. కడుపులో తిప్పితే గోలీ మానవద్దు. రాత్రి భోజనం తరువాత వేసుకోవాలి. మలం నల్లగా వచ్చినా భయం లేదు.
3. గోలీకి ముందు, తరువాత ఒక గంట వరకు టీ త్రాగవద్దు. కాల్షియం గోలీని వేరే పూట వేసుకోవాలి.
4. తోటకూర, మునగాకు, సజ్జ రొట్టె, పప్పు, మాంసం తినాలి. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమైనా ప్రాణాపాయం కావచ్చు. అందుకే ఇంత చెప్పుచున్నాము.

ఆ తండ్రి అక్కడి నుండే బిడ్డకు ఫోను చేశాడు. మేము తిరిగి వచ్చాక ఆమె తల్లితో కలిసి మా వద్దకు వచ్చింది. హిమోగ్లోబిన్ 8 గ్రాములుంది. డాక్టరు గారు చెప్పినట్టు గోలీలు క్రమంగా వేసుకోగా నెల రోజులకు 9.2కు పెరిగింది. తండ్రి పంపిన ఖర్జూరాలు కూడా రోజుకు రెండు తిన్నది. ప్రేమతో పంపినవి పారవేయనక్కరలేదు గదా!

ఆలోచించండి: మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె హిమోగ్లోబిన్ ఎంతో మీకు తెలుసా? ఈ రోజు గోలీ వేసుకున్నదా? గల్ఫ్‌లో ఉన్న మీ వారికి ఈ సంగతి ఫోనులో చెప్పారా?

దేవుడు మన తల్లులను, బిడ్డలను కాపాడును గాక.